గ్రామమున కొక అన్ననిధి

అన్నము వలన ప్రాణులు జన్మించుచున్నవనియు, అన్నమునకు మూలము వర్షమనియు, వర్షమునకు మూలము యజ్ఞమనియు శ్రీకృష్ణ భగవానుడు గీత తృతీయాధ్యాయమున ఉపదేశించెను. ఆ సందర్భముననే, యజ్ఞశేషమును భుజించువారు పాపవిముక్తులగుదురనియు, తమ కొరకు మాత్రమే వండుకొనువారు పాపమునే భుజించుచున్నారనియు హెచ్చరించెను. శ్రీవైష్ణవ గృహములలో వంట పూర్తియైన వెంటనే పెరుమాళ్ళకు ఆరగింపు జరుగుటయు, తరువాతనే ఇంటివారు ప్రసాదము స్వీకరించుటయు ఈ ఉపదేశమునకు ఆచరణరూపములు. స్వామికి నివేదించిన అన్నము స్వామిదే. స్వామిదైన అన్నముపై ఆయన బిడ్డలందరికిని హక్కు కలదు. ఈ రెండవ మాట మొదటి మాటనుండి సహజముగా వచ్చునదే యైనను, నిత్యజీవితమున దానిని మరచుట సులభము.

నంద్యాల జిల్లాలో కుందూ నదీ పరీవాహ ప్రాంతమున దొర్నిపాడు మండలము కలదు. ఒకప్పుడు కర్నూలు జిల్లాలోనిదైన ఈ సీమ, 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన నంద్యాల జిల్లాలో చేరినది. చుట్టును ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల, ఉయ్యాలవాడ. తూర్పున నల్లమల కొండలలో వెలసిన అహోబల నారసింహుడు ఈ ప్రాంతమునకంతటికిని ఇలవేల్పు. నల్లరేగడి నేలలో జొన్న, శనగ, ప్రత్తి పండును. కాలువ నీరు అందినచోట వరి పండును. ఇట్టి ధాన్యసీమలోను శ్రావణ భాద్రపద మాసములలో అడుగంటిన బియ్యపు డబ్బాలు గల ఇండ్లుండుట అసంభవము కాదు. పంట పండుటయు, పండినది అందరి కంచములలోనికి చేరుటయు రెండు వేరువేరు విషయములు. ఈ రెంటి నడుమనున్న ఎడమును పూడ్చు ధర్మకార్యమునే నేడు లోకమున ఆహారనిధి యనియు, ఫుడ్ బ్యాంకు అనియు పిలుచుచున్నారు. దానిని అన్ననిధి యనుట మన సంప్రదాయమునకు తగియుండును.

శాస్త్రసమ్మతి

తైత్తిరీయోపనిషత్తు భృగువల్లిలో అన్నవిషయకములైన వ్రతములు కొన్ని చెప్పబడినవి. అన్నమును నిందింపరాదు, అన్నమును త్రోసివేయరాదు, అన్నమును సమృద్ధిగా వృద్ధిపరుపవలెను, నివాసము కోరి వచ్చిన వానిని ఎవ్వనిని కాదనరాదు. ఇవి ఆ వ్రతములు. ఇందు గమనింపదగిన విశేషమొకటి కలదు. వచ్చినవానిని కాదనరాదని చెప్పిన వెంటనే, అందువలన ఏదో యొక విధమున అధికముగా అన్నమును సమకూర్చుకొనవలెనని ఉపనిషత్తు చెప్పుచున్నది. దయ యున్నంత మాత్రమున చాలదు. దయను నెరవేర్చుటకు ముందుగా నిలువ యుండవలెను. ఆకలిగొన్నవాడు వాకిట నిలిచిన పిమ్మట ధాన్యమునకై వెదకుట ఆలస్యమే యగును. అన్ననిధికి ఇంతకంటె స్పష్టమైన ప్రమాణము అక్కరలేదు.

ఎవరికి పెట్టవలెనను ప్రశ్నకు శ్రీమద్భాగవత నవమస్కంధములోని రంతిదేవుని చరిత్రము సమాధానము. ఆ మహారాజు తనకున్నదంతయు దానము చేసి, కుటుంబముతో సహా నలువదియెనిమిది దినములు నీరైనను లేక గడపెను. ఆ మరునాటి ఉదయమున నేయి, పాయసము మొదలగు ఆహారమును, నీరును లభించెను. భుజింపబోవు సమయమున ఒక బ్రాహ్మణుడు, పిదప ఒక శూద్రుడు, ఆ తరువాత కుక్కలతో కూడిన యొక అతిథి వచ్చిరి. అందరిలోను శ్రీహరినే చూచి అన్నమంతయు పంచిపెట్టెను. మిగిలిన నీటిని త్రాగబోగా, లోకము అంత్యజుడని దూరముగా నుంచిన వాడొకడు దాహమని వచ్చెను. ఆ నీటిని సైతము అతనికి పోసెను. తనకు మోక్షము కూడ అక్కరలేదనియు, సకల ప్రాణుల దుఃఖమును తానే అనుభవించి వారిని సుఖపెట్టవలెననియు ఆయన కోరెను. వచ్చినవాని కులమును, యోగ్యతను విచారింపక ఆకలిని మాత్రమే చూచుట రంతిదేవుని ధర్మము. అన్ననిధికి ఇదియే ప్రథమ నియమము.

తిరుమంగై ఆళ్వారు నేర్పిన పాఠము

అహోబల దివ్యదేశమునకు పాశురములతో మంగళాశాసనము చేసిన మహనీయుడు తిరుమంగై ఆళ్వారు. ఆయన చరిత్రకును అన్నదానమునకును విడదీయరాని సంబంధము కలదు. చోళరాజునకు సామంతుడైన ఆయన, కుముదవల్లిని వివాహమాడగోరెను. పంచసంస్కారములు పొంది వైష్ణవుడు కావలెననియు, ఒక సంవత్సరకాలము ప్రతిదినము 1008 మంది శ్రీవైష్ణవులకు తదీయారాధనము జరుపవలెననియు ఆమె నియమము విధించెను. ఆళ్వారు అంగీకరించి ఆరంభించెను. కొలది కాలమునకే ధనాగారము వట్టిపోయెను. చక్రవర్తికి చెల్లింపవలసిన కప్పము కూడ ఆరాధనకే వ్యయమయ్యెను, చెరసాల ప్రాప్తించెను. కాంచీ వరదరాజస్వామి కృపతో ఆ గండము గడచినను, దినదినమును వేయిమందికి భోజనమనగా సామాన్యమా? తుదకు బాటసారులను దోచి తెచ్చి పెట్టవలసిన స్థితి వచ్చినది. ఒకనాడు పెండ్లివారి రూపమున వచ్చిన శ్రీమన్నారాయణుని, శ్రీమహాలక్ష్మిని అడ్డగించి, అష్టాక్షరీ మంత్రోపదేశమును పొంది కృతార్థుడయ్యెను.

పెద్దలు ఈ కథను భగవంతుని నిర్హేతుక కృపకు నిదర్శనముగా చెప్పుదురు. అది సత్యము. దానితోపాటు మరియొక పాఠము కూడ ఇందు కలదు. రాజ్యమేలువాని బొక్కసము సైతము నిత్యాన్నదానమునకు చాలలేదు. ఒక్కనిపై ఆధారపడిన అన్నదానము, ఆ ఒక్కని శక్తి తరిగినప్పుడు ఆగిపోవును. లేదా వానిని అడ్డదారికి ఈడ్చును. వేయిమందికి ఒక్కడు పెట్టుట కష్టము. వేయి ఇండ్లు కలసి వేయిమందికి పెట్టుట కష్టము కాదు.

ఉయ్యాలవాడ గాదెలు

దొర్నిపాటికి సమీపముననున్న ఉయ్యాలవాడ గ్రామము దాతృత్వమునకు పేరుపడినది. 1866లో కరువు ఈ సీమను పీడించినప్పుడు బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలను తెరచి, ఊరూరినుండి తరలివచ్చిన వేలాది క్షుద్బాధితులకు గంజియు, అన్నమును పెట్టి ప్రాణములు నిలిపెను. ఆయన దానశీలమును గుర్తించి విక్టోరియా మహారాణి బంగారు పతకమును పంపెను. రాయలసీమ జానపదులు నేటికిని ఆయన ధర్మమును పాటలలో కీర్తించుచున్నారు. పతకముకంటె ఆ పాటలే గొప్ప సత్కారము.

ఇట్టి మరియొక పుణ్యచరిత్ర గోదావరీ తీరమునను కలదు. లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు వేళ యనక, పొద్దు యనక వచ్చినవారికెల్ల వండి వడ్డించి అపర అన్నపూర్ణ యనిపించుకొనిరి. 1841లో జన్మించి 1909లో పరమపదించిన ఆ తల్లి పేరును 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పాఠశాలల మధ్యాహ్న భోజన పథకమునకు ఉంచినది.

ఈ మహాదాతలకు నమస్కరించుచునే ఒక విషయమును ఆలోచింపవలసియున్నది. 1866 కరువు తరువాత పదియేండ్లకే, ధాతనామ సంవత్సరమున, అంతకంటె భయంకరమైన కరువు దక్షిణదేశమును క్రమ్మినది. 1876 నుండి 1878 వరకు సాగిన ఆ ధాత కరువులో లక్షలాది ప్రజలు మరణించిరి. మహాదాత ప్రతి ఊరను పుట్టడు. ప్రతి తరమునను పుట్టడు. కాని ఆకలి ప్రతి ఊరను, ప్రతి తరమునను ఉండును. దాత గతించినను నిలిచియుండు ఏర్పాటే నిధి.

నిధి యనగా నేమి?

తిరుమల క్షేత్రమున జరుగు నిత్యాన్నదానము ఇందుకు చక్కని ఉదాహరణము. 1985లో దినమునకు సుమారు 2000 మంది యాత్రికులకు భోజనముతో ఆరంభమైన ఈ కైంకర్యము, నేడు ప్రతిదినము వేలాది యాత్రికులకు అన్నప్రసాదము నందించుచున్నది. 2011లో విశాలమైన భోజనశాల యేర్పడి, భక్తకవయిత్రి మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ పేరున వెలసినది. దాతలు సమర్పించిన ధనమును బ్యాంకులలో డిపాజిట్టుగా నుంచి, వచ్చు వడ్డీని అన్నప్రసాదమునకు వినియోగించుట ఈ ఏర్పాటులోని కీలకము. మూలధనము తరుగదు, వంట ఆగదు. తిరుమంగై ఆళ్వారునకు లేని సౌకర్యము ఇదియే.

ఫుడ్ బ్యాంకు అను పేరు పుట్టినది అమెరికా దేశమున. 1967లో అరిజోనా రాష్ట్రమందలి ఫీనిక్స్ నగరమున జాన్ వాన్ హెంగెల్ అను సేవాపరుడు మొట్టమొదటి ఆహారనిధిని స్థాపించెను. దుకాణములవారు పారవేయుచున్న మంచి ఆహారమును ఒక పేదరాలు ఏరి తెచ్చి తన పిల్లలను పోషించుకొనుచుండెను. ధనమును దాచుకొనుటకు బ్యాంకులున్నట్లు, ఆహారమును దాచుటకును, అవసరమైనవారు తీసికొనుటకును ఒకచోటు ఉన్న బాగుండునని ఆమె అతనితో పలికినది. ఆ మాటయే సంస్థ కాగా, ఆ పద్ధతి క్రమముగా అనేక దేశములకు వ్యాపించినది. ఉపాయము పుట్టినది ఆకలి నెరిగిన తల్లి నోటనుండి యనుట స్మరణీయము.

తెలుగునేలపైనను ఇట్టి ప్రయత్నములు జరిగినవి. జహీరాబాదు ప్రాంతమున డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో, దళిత స్త్రీల సంఘములు 1990ల నడుమ ధాన్యనిధుల నేర్పరచుకొన్నవి. బీడుపడిన చెలకలను సాగుచేయుటకు పెట్టుబడి పొందిన రైతులు, ఆ అప్పును జొన్నల రూపమున సంఘమునకు చెల్లించిరి. ఆ జొన్నలను ఊరిలోనే నిలువచేసి, కొరతమాసములలో పేదలకు తక్కువ ధరకు ఇచ్చిరి. ఎవరెంత పేదవారో నిర్ణయించినదియు బయటి అధికారులు కారు. ఊరిలోని స్త్రీలే కూర్చుండి నిర్ణయించిరి. అట్లే 2000 తరువాతి సంవత్సరములలో ఆంధ్రప్రదేశ్ లోని మహిళా పొదుపు సంఘముల సమాఖ్యలు బియ్యమును టోకున కొని, సభ్యులకు అప్పుగా ఇచ్చి, వాయిదాలలో వసూలు చేసికొను పద్ధతిని నడపినవి. తీసికొనువారు యాచకులు కాక భాగస్వాములైనందువలన వారి గౌరవము నిలిచినది.

కుటుంబములకు ఆసరా

ప్రభుత్వము చేయుచున్న సహాయమును ముందుగా తెలిసికొనుట ఉచితము. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టము ప్రకారము అర్హులైన కుటుంబములలో మనిషికి నెలకు 5 కిలోల ధాన్యము లభించును. అంత్యోదయ కార్డు గల కడుపేద కుటుంబములకు 35 కిలోలు లభించును. 2023 జనవరి నుండి ఈ ధాన్యమును ఉచితముగా ఇచ్చుచున్నారు. ఇది గొప్ప మేలు. అయినను 5 కిలోలను 30 దినములకు పంచినచో దినమునకు సుమారు 165 గ్రాములే వచ్చును. పగలెల్ల చేనిలో వంగి పనిచేయువానికి ఇది రెండు పూటలకు చాలదు. పైగా ఒట్టి బియ్యముతో దేహపుష్టి కలుగదు. పప్పు, నూనె, కూరగాయలు కావలెను.

కౌలురైతు పంట దెబ్బతిన్న యేడు, ఇంటి యజమాని మంచమెక్కిన నెల, కూలిపనులు దొరకని ముసురు దినములు — ఇట్టివి కుటుంబమును హఠాత్తుగా కృంగదీయును. అట్టి సమయమున తల్లి తాను తినుట మాని పిల్లలకు పెట్టును. అప్పునకు పోయినచో ఆ అప్పు పంట చేతికి వచ్చిన దినమున వడ్డీతో సహా ఎత్తుకొనిపోవును. అప్పుడు అన్ననిధినుండి పదిహేను కిలోల బియ్యమో జొన్నలో, రెండు కిలోల కందిపప్పో అందినయెడల, ఆ నెల గడచును. ఆ అప్పు పుట్టదు. ఆకలిని తీర్చుట ఒక ఫలము; అప్పును తప్పించుట మరియొక ఫలము.

ఇంత ధాన్యము ఎచటినుండి వచ్చుననెడి సందేహమునకు పిడికెడు బియ్యపు ఆచారమే సమాధానము. ఇల్లాలు ప్రతిదినము ఎసటిలో బియ్యము పోయుటకు ముందు ఒక పిడికెడు తీసి వేరొక డబ్బాలో వేయును. పిడికెడు సుమారు 50 గ్రాములనుకొన్నను, 200 ఇండ్లుగల పల్లెలో దినమునకు 10 కిలోలు, నెలకు 300 కిలోలు సమకూడును. నెలకు ఇరువది కుటుంబములకు పదిహేనేసి కిలోలు ఇచ్చుటకు ఇది చాలును. ఏ ఇంటను ఈ పిడికెడు వలన అన్నము తగ్గినట్లు తోచదు. కంచి పరమాచార్యులవారు తమిళదేశమున పిడికెడు బియ్యపు పథకమును ప్రోత్సహించిరి. మహాభారతమున ధర్మరాజు చేసిన అశ్వమేధమంతయు, కరువు వేళ ఉంఛవృత్తితో బ్రతుకు బ్రాహ్మణ కుటుంబము అతిథికి ఇచ్చిన పేలపిండికి సాటిరాలేదని బంగారుమేని ముంగిస పలికిన కథ అందరెరిగినదే. కొలతను బట్టి కాక, మనసును బట్టి దానము పెరుగును.

వృద్ధులకు తోడు

కన్నబిడ్డలు హైదరాబాదునకో, బెంగుళూరునకో వలసపోగా ఊరిలో మిగిలిన వృద్ధుల సంఖ్య నేడు పెరుగుచున్నది. వారికి పింఛను కలదు. ఆంధ్రప్రదేశ్ లో 2024 జూలై నుండి వృద్ధాప్య పింఛను నెలకు 4000 రూపాయలయినది. 2025 జూన్ నుండి 65 ఏండ్లు దాటినవారికి రేషను సరకులను ఇంటికే చేర్చు ఏర్పాటు జరిగినది. కావున వీరి కొరత ధాన్యము కంటె వంటయందే ఎక్కువ. చేతులు వణకు వృద్ధురాలు పొయ్యి రాజేయుటకు భయపడును. ఒక్కరికై కూర వండుకొనుట యెందులకని ఉదయము వండిన అన్నమునే రాత్రికి మజ్జిగతో ముగించును. పండ్లు లేనివారికి జొన్నరొట్టె నమలుట అసాధ్యము. అభిమానవంతులు ఎన్నడును నోరువిప్పి అడుగరు.

ఇట్టివారికి అన్ననిధి వలన చేయదగిన సేవ, మధ్యాహ్నమున వేడివేడిగా మెత్తని అన్నము, పప్పు, కూర ఇంటికి పంపుట. దేవాలయపు వంటశాలలో స్వామికి ఆరగింపైన ప్రసాదముగా అది వెళ్ళినచో, గ్రహించుటకు వారికి చిన్నతనముండదు. ప్రసాదమును కాదనువారెవ్వరు? తీసికొనిపోయిన బాలుడు పది నిమిషములు కూర్చుండి, మందులు వేసికొన్నారా యని అడిగి, ఉత్తరమో, టెలిఫోనులోని కబురో చదివి వినిపించి వచ్చినచో, ఆ వృద్ధులకు అన్నముకంటె ఆ మాటయే ఎక్కువ బలము నిచ్చును. ఒకనాడు తలుపు తీయనిచో వెంటనే పదిమందికి తెలియును. ఒంటరి వృద్ధులకు ఇది ప్రాణరక్ష.

భాగవతుల సేవ భగవంతుని సేవకంటె అధికమని ఆచార్యులు బోధించిరి. తదీయారాధనము ఉత్సవదినములలో పంక్తి భోజనములతోనే ముగియదు. నడువలేక పంక్తికి రాలేని వృద్ధ భాగవతుని వద్దకు పంక్తియే నడచిపోవుట తదీయారాధనమున ఉత్తమ పక్షము.

విద్యార్థులకు బలము

బడిపిల్లలకు భోజనము పెట్టు ఆలోచన దక్షిణదేశమున పాతది. 1920 ప్రాంతమున మద్రాసు నగరపాలక సంస్థ తన పాఠశాలలో దీనిని ఆరంభించినది. 2001లో సుప్రీంకోర్టు ప్రభుత్వ పాఠశాలలన్నింటను వండిన భోజనము పెట్టవలెనని ఆదేశించిన పిమ్మట, 2003 జనవరిలో ఆంధ్రప్రదేశ్ అంతటను ఈ పథకము అమలునకు వచ్చినది. 2025 జనవరి నుండి ప్రభుత్వ జూనియరు కళాశాలల విద్యార్థులకు కూడ ఈ భోజనము లభించుచున్నది. ఒకే పంక్తిలో అన్ని కులముల పిల్లలును కూర్చుండి భుజించుట దీనివలన కలిగిన మరియొక మేలు.

అయినను పసిపిల్లల పోషణయందు సాధింపవలసినది చాల కలదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను బట్టి ఆంధ్రప్రదేశ్ లో అయిదేండ్లలోపు పిల్లలలో నూటికి 31 మంది వయస్సునకు తగిన ఎత్తు ఎదుగలేదు. పాఠశాల భోజనము పనిదినములలో మధ్యాహ్నమునకే పరిమితము. ఆదివారములు, దసరా, సంక్రాంతి సెలవులు, ఏప్రిల్ చివరినుండి జూను వరకు సాగు వేసవి సెలవులు — ఈ దినములలో పేద బాలునికి ఆ పూట భోజనము ఉండదు. తెల్లవారకమునుపే కూలికి వెళ్ళిన తలిదండ్రుల బిడ్డ ఖాళీకడుపుతో బడికి వచ్చును. అట్టి పిల్లవానికి ఉపాధ్యాయుడు చెప్పిన ఎక్కము ఎట్లు తలకెక్కును?

అన్ననిధి ఈ ఎడములను పూరింపవలెను. సెలవు దినములలో దేవాలయ మండపమున పిల్లలకు ఒక పూట భోజనము, ఉదయము రాగిజావ గాని, ఉడికించిన శనగలు బెల్లముతో గాని ఇచ్చినచో చాలును. ఈ నేలలోనే పండు శనగలు పిల్లలకు మంచి బలము నిచ్చును, ఖర్చును తక్కువ. భోజనానంతరము ఒక గంట పద్యములు, భాగవత కథలు చెప్పించినచో, ప్రహ్లాదుని కథ వినుటకు అహోబల సీమకంటె తగిన చోటు వేరొకటి లేదు.

ఆచరింపదగిన నియమములు

ఏ సత్కార్యమైనను నియమము లేనిచో నిలువదు. అన్ననిధికి ముఖ్యమైనవి ఇవి.

మొదటిది శుచి. విస్తళ్ళలో విడిచినది ఉచ్ఛిష్టము. దానిని మనుష్యునకు పెట్టుట అతనిని అవమానించుట. వివాహాది శుభకార్యములలో ముట్టని వంట మిగులునని ముందే తోచినచో, వడ్డనకు పూర్వమే వేరుచేసి మూతపెట్టి, వేడి చల్లారక మునుపే పంపవలెను. మన ఎండలలో వండిన పదార్థము త్వరగా పాడగును. సందేహమున్నచో పెట్టకుండుటయే మేలు. ఇచ్చువాడు తానే తినుటకు ఇష్టపడని ధాన్యమును నిధికి ఈయరాదు.

రెండవది లెక్క. వచ్చిన ధాన్యము, పోయిన ధాన్యము ప్రతిమాసమును వ్రాసి దేవాలయపు గోడకు అంటింపవలెను. దాతల పేర్లు వ్రాయవచ్చును. తీసికొన్నవారి పేర్లు వ్రాయరాదు. దేవుని సొమ్మునకు లెక్క చెప్పుటకు జంకువాడు ఆ పనికి తగడు.

మూడవది గౌరవము. సహాయము పొందువారిని వరుసలో నిలబెట్టి ఫొటోలు తీయుట, వారి యెదుట ఉపన్యసించుట మానవలెను. కోలుకొన్న కుటుంబము తిరిగి పిడికెడు బియ్యము వేయుటకు అవకాశముండవలెను. నేడు తీసికొన్న చేయి రేపు ఇచ్చు చేయి యగును. దొర్నిపాడువంటి ఊరిలో అందరును అందరికిని అన్న, వదిన, మామ, అవ్వ వరుసలతో బంధువులే. ఆ వరుసతో పిలిచి ఇచ్చినది దానమువలె తోచదు.

నాల్గవది నిలువయందు జాగ్రత్త. కొత్త ధాన్యమును వెనుకనుంచి, పాత ధాన్యమును ముందు వ్యయపరుపవలెను. నల్లరేగడి పల్లెలలో పూర్వము జొన్నలను పాతరలలో నిలువచేసెడివారు. పాతర మూత తీసిన వెంటనే ఎవ్వరును లోనికి దిగెడివారు కారు. చిరకాలము మూతపడియున్న ధాన్యమునుండి పుట్టిన గాలి ప్రాణము తీయును. మూత తీసి చాలసేపు గాలి ఆడనిచ్చిన పిమ్మటనే దిగెడివారు. పంచక దాచిన ధాన్యము విషమగునని పెద్దలకు ఈ అనుభవమే నేర్పియుండవచ్చును.

పారువేట వేళ

ప్రతి సంవత్సరము కనుమపండుగనాడు అహోబల నారసింహుని ఉత్సవమూర్తులు పల్లకిలో కొండ దిగి ఆళ్లగడ్డ సీమలోని పల్లెలకు పారువేట వెడలుదురు. సుమారు నెలన్నర దినములు ముప్పదికి పైగా గ్రామములలో సంచరించి, భక్తుల పూజ లందుకొని, ఫాల్గుణమున జరుగు బ్రహ్మోత్సవములకు వారిని స్వయముగా ఆహ్వానించుదురు. చెంచులక్ష్మిని పరిణయమాడిన స్వామి తన కల్యాణమునకు తానే పిలువవచ్చునని జనుల విశ్వాసము. కొండపైనున్న దేవుడు తనవద్దకు రాలేనివారి యిండ్లకు తానే నడచివచ్చుట ఈ ఉత్సవమునందలి పరమార్థము.

అది పంటలు ఇండ్లకు చేరు కాలము కూడ. గాదె నిండిన దినముననే గాదె నిండనివానిని తలచుట సులభము. ఆ వేళ ప్రతి రైతును స్వామి పేరున ఒక మూటయో, ఒక గంపయో అన్ననిధికి వేరుచేసినచో, ప్రతి ఇల్లాలును దినమున కొక పిడికెడు చేర్చినచో, శ్రావణమునాటికి ఊరిలో నిలువ యుండును. అప్పుడు ఆ ఊరిలో ఆకలిగొన్న తల్లి వడ్డీవ్యాపారి గడప తొక్కనక్కరలేదు. వృద్ధుడు చల్లబడిన పొయ్యి నెదుట కూర్చుండనక్కరలేదు. పిల్లవాడు ఆదివారమునకు భయపడనక్కరలేదు.

హిరణ్యకశిపుని సభాస్తంభమున వెలువడిన స్వామి ఎందెందు వెదకినను అందందే కలడని ప్రహ్లాదుడు నమ్మెను. ఆ స్వామి ఆకలిగొన్నవాని యందును కలడని నమ్మి, వాని కంచమున అన్నము నుంచుట ప్రహ్లాదుని మార్గమున నడచుటయే. శ్రీ లక్ష్మీనృసింహుని కృపాకటాక్షము వలన గ్రామగ్రామమునను అన్ననిధి వెలయుగాక! సర్వే జనాః సుఖినో భవంతు.